ఫ్రీలాన్స్ గ్రాఫిక్ డిజైనర్‌తో పని చేయించుకోవడం ఎలా: నల్లగొండ, పాలమూరు వ్యాపారులకు సమగ్ర మార్గదర్శి

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కొత్తగా దుకాణం తెరిచేవాళ్లు డిజైన్ కోసం మొదట వెళ్లేది ఫ్లెక్సీ షాపుకే. చదరపు అడుగుకు ఇంత అని రేటు చెప్తారు, డిజైన్ అందులోనే కలిసిపోతుంది. కుర్చీ లాక్కొని ఆపరేటర్ పక్కన కూర్చుంటే గంటలో బోర్డు తయారు. రేపు ప్రారంభోత్సవం పెట్టుకుని ఈ రోజు ఉరుకులాడేవాళ్లకు అంతకన్నా మంచి దారి లేదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడే పని లేదు. చిక్కంతా తర్వాత వస్తుంది. విజిటింగ్ కార్డు ఇంకో ప్రెస్సులో వేయిస్తే అక్కడ ఇంకో రకం అక్షరం, ఇంకో ఎరుపు. బిల్లు బుక్కు మీద మూడో రకం. ఏడాదికి ఫోన్ నంబర్ మారి పాత షాపుకు వెళ్తే "సిస్టమ్ ఫార్మాట్ చేసినం అన్నా, ఫైల్ లేదు" అంటారు. మళ్లీ మొదటికే.

ఎక్కడా జీతానికి లేకుండా పనికి ఇంత అని మాట్లాడుకుని చేసిపెట్టే డిజైనర్, అంటే ఫ్రీలాన్సర్, దొరికితే ఈ తిప్పలు తప్పుతాయి. కాకపోతే ఊరికే తప్పవు. మనం ఏం అడగాలో, ఏది చేతికి తీసుకోవాలో తెలిసి ఉండాలి. ఈ గైడ్ దాని కోసమే.

1. ముందు ఏడాది పనుల లెక్క వేయండి

ఒక కాగితం మీద పన్నెండు నెలలు రాసి, ఏ నెలలో ఏం అచ్చు వేయిస్తారో పక్కన రాయండి. బట్టల దుకాణమైతే ఉగాది, శ్రావణం, బతుకమ్మ–దసరా, మాఘమాసం లగ్గాలు. ప్రైవేటు స్కూలైతే మే, జూన్ అడ్మిషన్లు. కురుమూర్తి దారిలో హోటల్ ఉంటే దీపావళి తర్వాత వచ్చే జాతర, సూర్యాపేట వైపు అయితే రెండేళ్లకోసారి పెద్దగట్టు. మామూలు వ్యాపారికి ఏడాదిలో నాలుగైదు సీజన్లే పని ఉంటుంది, మిగతా రోజులు ఖాళీ.

ఇప్పుడు జీతం లెక్క చూడండి. నెలకు 15 వేలకు మనిషిని పెట్టుకుంటే ఏడాదికి 1 లక్షా 80 వేలు. దీనికి కంప్యూటర్, సాఫ్ట్‌వేర్ చందా అదనం. పని లేని నెలల్లో ఆ మనిషిని కౌంటర్ మీద కూర్చోబెడతారు, రెండు నెలలకు అతను హైదరాబాద్ పోతాడు. ఫ్రీలాన్సర్‌కైతే పని ఉన్నప్పుడే ఇస్తారు, లేనప్పుడు ఇవ్వరు. ఇది అందరికీ తెలిసిన లాభమే, దీని మీద ఎక్కువ చెప్పను.

అంతగా పట్టించుకోని లాభం ఇంకొకటుంది. పనిని బట్టి మనిషిని మార్చుకోవచ్చు. లోగో గీసే చెయ్యి వేరు, బియ్యం బస్తా మీద ప్రింటింగ్ తెలిసిన చెయ్యి వేరు, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కు కవర్లు చేసే చెయ్యి వేరు. జీతానికి పెట్టుకున్న ఒక్కరి దగ్గర ఈ మూడూ దొరకవు. ఇంకోటి, మీరు మాట్లాడేది నేరుగా పనిచేసే మనిషితోనే. ఏజెన్సీలో మీరు చెప్పింది మార్కెటింగ్ వాళ్లు విని, వాళ్లు ఇంకొకరికి చెప్పి, చివరికి డిజైన్ చేసేవాళ్లకు సగమే చేరుతుంది.

కోచింగ్ సెంటర్ లాగా రోజుకో పోస్టు కావాల్సినవాళ్లకు మాత్రం పనికి ఇంత అనే పద్ధతి ఖరీదవుతుంది. నెలకు ఇన్ని పోస్టులకు ఇంత అని మాట్లాడుకోవాలి, లేదంటే మనిషిని పెట్టుకోవడమే నయం.

2. ఎక్కడ వెతకాలి, ఏం చూడాలి

డిజైనర్లు తమ పనులు పెట్టుకునే బిహాన్స్ సైట్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో వెతకవచ్చు. ఫ్రీలాన్సర్లను కుదుర్చుకునే ఫైవర్, అప్‌వర్క్ సైట్లలోనూ దొరుకుతారు, కానీ తెలుగు అక్షరం వచ్చినవాళ్లు అక్కడ తక్కువ. ఈ జిల్లాల నుంచి వెళ్లి హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివినవాళ్లు, పగలు ఆఫీసులో చేసి రాత్రి సొంత పనులు చేసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. మీ ఊళ్లో ఏ బోర్డు చూస్తే ఆగాలనిపిస్తుందో ఆ దుకాణంలోకి వెళ్లి "ఎవరితో చేయించిన్రు?" అని అడగండి. అన్నిటికన్నా ఇదే బాగా పనిచేస్తుంది.

పాత పనులు చూపించమంటే ఫోన్‌లో మెరిసే బొమ్మలు పంపిస్తారు. ఒక కాఫీ కప్పు మీద లోగో, ఒక గోడ మీద లోగో. అవన్నీ రెడీమేడ్ నమూనాల్లో అతికించినవే. మీరు అడగాల్సింది అచ్చయిన ముక్క: ఒక కార్డు, ఒక ప్యాకెట్, బజార్లో కట్టిన బోర్డు ఫొటో. అందులో తెలుగు ఎలా ఉందో చూడండి. ఇంగ్లిష్ పేరు అందంగా పెట్టి, కింద తెలుగును ఏదో ఒక ఫాంట్‌లో ఇరికించినవాళ్లకు మన బజారు పని ఇవ్వకపోవడమే మంచిది.

ఉచితంగా శాంపిల్ చేసిపెట్టమని అడగొద్దు. మంచి డిజైనర్ ఒప్పుకోరు, ఒప్పుకున్నవాళ్లు నెట్‌లో దొరికింది పంపిస్తారు. నచ్చితే విజిటింగ్ కార్డు లాంటి చిన్న పని డబ్బులిచ్చి చేయించుకోండి, మనిషి తీరు తెలుస్తుంది.

3. మ్యాటర్ రాసివ్వండి

పని చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. "మంచిగ, గ్రాండ్‌గ, కలర్‌ఫుల్‌గ చెయ్యి తమ్మీ" అంటే డిజైనర్‌కు ఏమీ చెప్పనట్టే. ఫోన్‌లో అరగంట మాట్లాడినదానికన్నా వాట్సాప్‌లో పది వాక్యాలు రాసింది పనికొస్తుంది, రేపు మాట తేడా వచ్చినా అదే ఆధారం. నారాయణపేటలో ఒక చీరల దుకాణం వాళ్లు రాయాలంటే ఇలా రాయొచ్చు:

"మాది చేనేత చీరల దుకాణం. కొనేవాళ్లు ఎక్కువగా 35 దాటిన ఆడవాళ్లు, టీచర్లు, బ్యాంకుల్లో చేసేవాళ్లు. సగం మంది వాట్సాప్‌లో ఫొటో చూసే ఆర్డర్ ఇస్తారు. లోగో కావాలి. బోర్డు మీద, క్యారీబ్యాగు మీద, చీరకు కట్టే ట్యాగు మీద రావాలి. ట్యాగు 2 అంగుళాలే. బ్యాగు సింగిల్ కలర్. తెలుగు పేరు పెద్దగా, ఇంగ్లిష్ చిన్నగా. మా చీరల గళ్లు, అంచు గుర్తుకు రావాలి. నెమలి బొమ్మ వద్దు, ఈ లైన్‌లో అందరికీ అదే ఉంది. బతుకమ్మకు 20 రోజుల ముందే అన్నీ చేతికి రావాలి. బడ్జెట్ ఇంత."

ఇందులో బాగా పనికొచ్చేవి ట్యాగు సైజు, సింగిల్ కలర్, వద్దన్న నెమలి. రెండు అంగుళాల్లో కనిపించాలి అనగానే సన్నగీతల బొమ్మలన్నీ పక్కకు పోతాయి. సింగిల్ కలర్ అనగానే ఒక రంగులోంచి ఇంకో రంగులోకి జారే షేడ్లు పోతాయి. డిజైనర్‌కు సగం దారి దొరికినట్టే.

బడ్జెట్ దాచిపెట్టి "నువ్వే చెప్పు" అంటే ఇద్దరికీ టైమ్ వేస్ట్. చెప్పేయండి.

చేనేతవాళ్లకు ఇంకో మాట. పోచంపల్లి ఇక్కత్‌కు, గద్వాల, నారాయణపేట చీరలకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ఉంది. అలాగని డిజైనర్ నెట్‌లోంచి జీఐ ముద్ర తెచ్చి మీ ట్యాగు మీద పెట్టకూడదు. ఆథరైజ్డ్ యూజర్‌గా నమోదైనవాళ్లే దాన్ని వాడాలి. మీ పేరు గానీ, మీరు సరుకు తెచ్చే సొసైటీ పేరు గానీ నమోదై ఉందో లేదో ముందు తెలుసుకోండి.

4. డబ్బు, మార్పులు, ఒప్పందం

మామూలుగా సగం అడ్వాన్స్, సగం ఫైళ్లు ఇచ్చేటప్పుడు. పెద్ద పనైతే మూడు భాగాలు చేసుకోవచ్చు. రేటు మాట్లాడేటప్పుడే ఎన్ని నమూనాలు చూపిస్తారు, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు అన్నది తేల్చుకోండి. లోగోకు రెండు మూడు నమూనాలు, నచ్చినదానికి రెండుసార్లు మార్పులు అనుకుంటే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు. మన వైపు గొడవలన్నీ "ఒక్క చిన్న మార్పు అన్నా" దగ్గర మొదలవుతాయి. మార్పులు ఒక్కొక్కటిగా, రాత్రి పదకొండింటికి, ఇంట్లో ఒక్కొక్కరు చూసి చెప్పినట్టల్లా పంపకండి. బావమరిది, పార్ట్‌నర్, పెద్దబ్బాయి అందరికీ ఒకేసారి చూపించి, అన్నీ కలిపి ఒకే మెసేజ్‌లో రాయండి.

జీఎస్టీ గురించి ఒక మాట. మన రాష్ట్రంలో సేవలు అందించేవాళ్ల టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటకపోతే మామూలుగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నంబర్ లేని డిజైనర్ బిల్లులో 18 శాతం వేయకూడదు. నంబర్ ఉన్నవాళ్లు వేస్తే సరిగ్గా బిల్లు తీసుకోండి.

ఇక హక్కు సంగతి. దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. డబ్బులిచ్చాం కాబట్టి లోగో మనదే అనుకుంటాం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం జీతానికి పనిచేసే ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా గీసిన దానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే హక్కుదారు. బయటి డిజైనర్ గీసిన లోగోకు మాత్రం సాధారణంగా మొదటి హక్కుదారు ఆ డిజైనరే. ఆ హక్కు మీకు రావాలంటే రాతలో, సంతకంతో బదిలీ కావాలి. అందులోనూ 19వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. ఎంతకాలానికి అని రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు లెక్క. ఏ ప్రాంతానికి అని రాయకపోతే భారతదేశం వరకే. అమెరికాలో ఉన్న మనవాళ్లకు పచ్చళ్లు, పిండివంటలు పంపే వ్యాపారమైతే ఇది చిన్న విషయం కాదు. కాబట్టి ఒక తెల్లకాగితం మీద ఇలా రాసుకోండి:

"ఈ లోగో, దాని అన్ని రూపాల కాపీరైట్‌ను, పూర్తి సొమ్ము ముట్టిన నాటి నుంచి, కాపీరైట్ అమల్లో ఉన్నంతకాలానికి, ప్రపంచమంతటికీ ఫలానా వారికి బదిలీ చేస్తున్నాను. ఇందులో ఇతరుల బొమ్మలు, లైసెన్స్ లేని ఫాంట్లు వాడలేదు. నా పనుల నమూనాగా దీన్ని చూపించుకోవచ్చు."

చివరి వాక్యం డిజైనర్ కోసం. అది ఉంటే సంతకం పెట్టడానికి వెనకాడరు. పెద్ద బ్రాండ్ అయితే వకీలుకు చూపించండి.

5. తెలుగు అక్షరం దగ్గర ఆగండి

మన ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ ఎక్కువ పని కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లతో నడుస్తుంది. అను అక్షరాలు చూడటానికి బాగుంటాయి, కానీ అవి యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లన్నీ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు. మీరు వాట్సాప్‌లో పంపిన మ్యాటర్ యూనికోడ్. దాన్ని అనులోకి మార్చేటప్పుడు వత్తులు జారిపోతాయి, అక్కడక్కడ అక్షరమే మారిపోతుంది. యూనికోడ్‌లోనే నేరుగా చేసినా ఫోటోషాప్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ (తెలుగు లాంటి లిపులను సరిగ్గా కూర్చే సెట్టింగ్) పెట్టుకోకపోతే "రాష్ట్రం" కాస్తా "రాష్‌ట్‌రం" అయి కూర్చుంటుంది. "స్త్రీ", "క్షేత్రం", "వస్త్రాలయం" లాంటి మాటలున్న చోట వేలు పెట్టి చూడండి. మీరు మ్యాటర్ సరిగ్గా పంపినా సరే, డిజైన్‌లోకి ఎక్కాక మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే.

ఉచితంగా వాడుకోదగిన తెలుగు యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో చాలా ఉన్నాయి. రామభద్ర బోర్డులకు బరువుగా నిలబడుతుంది, మండలి చిన్న మ్యాటర్‌కు హాయిగా ఉంటుంది. మన పాలమూరు మనిషి, గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి పేరుతో సురవరం అనే ఫాంట్ కూడా ఉంది. ఇవన్నీ ఓపెన్ లైసెన్స్‌వి, వ్యాపారానికి వాడితే ఎవరూ అడగరు. పైరసీ ఫాంట్ వాడిన లోగోతో రేపు కంపెనీ పెడితే తలనొప్పి మీదే.

హైవే మీద హోటల్, పెట్రోల్ బంకు, దాబా పెట్టినవాళ్లు ఇంకో లెక్క చూసుకోవాలి. జడ్చర్ల, కొత్తకోట మీదుగా పోయే 44వ నంబర్ హైవే మీదైనా, సూర్యాపేట మీదుగా పోయే 65 మీదైనా, 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. 60 మీటర్ల దూరం నుంచి కనిపించినా చదవడానికి మూడు సెకన్లు కూడా దొరకవు. పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం అని బోర్డులవాళ్లు ఒక అందాజా లెక్క చెప్తారు. అలా చూస్తే 60 మీటర్లకు దాదాపు 20 అంగుళాల అక్షరం. వత్తులు, గుడులు ఉన్న తెలుగుకు ఇంకాస్త ఎక్కువే కావాలి. ఈ లెక్క తెలిసిన డిజైనర్ బోర్డు మీద పేరు, "భోజనం" అన్న మాట, ఒక బాణం గుర్తు తప్ప ఏమీ ఉంచరు. ఆరు రకాల బిర్యానీ ఫొటోలు పెట్టమని మీరే పట్టుబట్టకండి.

6. ప్యాకెట్, బస్తా పనులు

మిర్యాలగూడ బియ్యం మిల్లులవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు, కొత్తగా బ్రాండ్ పెట్టేవాళ్లకు చెప్పాలి. మెరిసే బీఓపీపీ (ప్లాస్టిక్ పొర అంటించిన) బస్తాల మీద రోటోగ్రావ్యూర్‌లో, అంటే బొమ్మ చెక్కిన సిలిండర్లతో అచ్చేస్తారు, రంగుకు ఒక సిలిండర్ చేయించాలి. మామూలు నేత బస్తాలకైతే రంగుకు ఒక ప్లేటు. ఎనిమిది రంగుల డిజైన్ కంప్యూటర్‌లో చూడటానికి బాగుంటుంది, సిలిండర్ల బిల్లు చూసినప్పుడు తెలుస్తుంది. ఈ పని తెలిసిన డిజైనర్‌కు రెండింతలు ఇచ్చినా, రెండు రంగులు తగ్గిస్తే ఆ డబ్బు అక్కడే తిరిగొస్తుంది.

ఎడిట్ చేయగల ఫైల్ ఎందుకు దగ్గర ఉండాలో ఒక ఉదాహరణ. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చింది. దాంతో బజార్లోకి 26 కిలోల బస్తాలు దిగాయి. అలాంటప్పుడు ఎడిట్ చేయగల ఫైల్ మన దగ్గర ఉంటే ఒక్క అంకె మార్చి, ఆ రంగు ప్లేటు ఒక్కటి మళ్లీ చేయిస్తే పని అయిపోతుంది. ఫైల్ లేకపోతే బస్తా మొత్తం మళ్లీ గీయించాలి.

తినే సరుకు లేబుల్ అయితే ఏమేం ఉండాలో మీరే రాసివ్వాలి: 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్, నికర బరువు, ఎమ్మార్పీ, బ్యాచ్, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, పోషకాల పట్టిక, చిరునామా, ఫిర్యాదులకు ఫోన్ లాంటివి. తేదీ ముద్ర వేయడానికి ఖాళీ చోటు వదలమని చెప్పండి, చాలామంది మర్చిపోయేది ఇదే. మామిడి ఆవకాయకు ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క. చికెన్ పచ్చడికి గోధుమరంగు చదరంలో అదే రంగు త్రిభుజం. మాంసాహారానికి పాత గోధుమరంగు గుండ్రటి చుక్క ఇప్పుడు చెల్లదు, నెట్‌లో మాత్రం ఇంకా అదే దొరుకుతుంది.

7. ఓకే చెప్పే ముందు

ఫోన్‌లో వేళ్లతో పెద్దది చేసి చూసి ఓకే అనకండి. కార్డు అయితే 3.5 × 2 అంగుళాల అసలు సైజులో మామూలు కాగితం మీద ప్రింట్ తీసి చూడండి. అదే కాగితాన్ని జిరాక్స్ తీయండి. నలుపు తెలుపులో లోగో గుర్తుపట్టేలా ఉంటే మంచి లోగో. కళ్లజోడు పెట్టుకునే పెద్దాయనకు ఇచ్చి చదవమనండి. ఫోన్ నంబర్ ఊరికే చూసి వదిలేయకండి, ప్రూఫ్ (అచ్చుకు ముందు చూపించే నమూనా) మీద ఉన్న అంకెలే డయల్ చేసి చూడండి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఎవరి పేరు వస్తుందో చూడండి. పేరు, ఇంటి పేరు, ముహూర్తం, తేదీకి వారం కుదిరిందా లేదా చూసుకోండి. ఓకే అని రాతలో పంపాక వచ్చిన తప్పు మీదేనని ఏ ప్రెస్సైనా అంటుంది, అది న్యాయమే.

స్క్రీన్ మీద కనిపించే రంగు కాగితం మీద రాదు. స్క్రీన్‌ది ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతి), అచ్చుది సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలు). ముఖ్యంగా మెరిసే ఆకుపచ్చ, నీలం అచ్చులో మందగిస్తాయి. పెద్ద ఆర్డర్ అయితే మొత్తం వేయించే ముందు ఒక్క షీటు వేయించి చూడండి.

8. ఫైళ్లు చేతికి తీసుకోండి

మిగతా సొమ్ము ఇచ్చే రోజే ఇవన్నీ అడగండి:

- కోరల్ లేదా ఇలస్ట్రేటర్ అసలు ఫైల్, ఎడిట్ చేసుకునేది, వాడిన ఫాంట్ల పేర్లతో
- అక్షరాలను కర్వ్స్ చేసిన (అంటే బొమ్మ గీతలుగా మార్చిన) పీడీఎఫ్, ప్రెస్సుకు ఇవ్వడానికి
- వెనక రంగు లేని పీఎన్‌జీ, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లకు
- ఒకే రంగు రూపం, నలుపు తెలుపు రూపం
- వాడిన రంగుల సీఎంవైకే అంకెలు

మొదటి రెండూ కావాలి, ఒక్కటి చాలదు. కర్వ్స్ చేసినదాన్ని ఎక్కడ తెరిచినా అక్షరం చెదరదు, కానీ మార్చలేం. ఎడిట్ ఫైల్‌ను మార్చగలం, ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కంప్రెస్ అయిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా గూగుల్ డ్రైవ్ లింకు తీసుకోండి. తర్వాత మీ సొంత మెయిల్‌లో, ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి.

ప్రెస్సుకు ఇచ్చే ఫైల్‌లో అంచు చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కటింగ్‌లో పోయే అదనపు అంచు) ఉందా అడగండి, లేకపోతే కటింగ్‌లో తెల్లగీత పడుతుంది. కార్డులు, కరపత్రాలకు 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని లెక్క) కావాలి. 10 × 20 అడుగుల ఫ్లెక్సీకి అంత అక్కర్లేదు, 72 నుంచి 100 చాలు. 2022 జూలై 1 నుంచి 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు నిషేధం, పలుచటిది చవకని తీసుకోకండి.

9. ట్రేడ్‌మార్క్

వ్యాపారం నిలబడుతుందనిపిస్తే లోగోను ట్రేడ్‌మార్క్ చేయించండి. వ్యక్తులు, స్టార్టప్‌లు, చిన్న పరిశ్రమలకు ఆన్‌లైన్ దరఖాస్తు ఫీజు ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, మిగతావాళ్లకు 9,000. పదేళ్లు చెల్లుతుంది, మళ్లీ పునరుద్ధరించుకోవచ్చు. నలుపు తెలుపులో, రంగుల పరిమితి లేకుండా నమోదు చేయిస్తే అన్ని రంగులకూ వర్తిస్తుంది, ఆ రూపం అడిగి తీసుకోమన్నది ఇందుకు కూడా. కాన్వాలో దొరికే రెడీమేడ్ టెంప్లేట్ లోగో దీనికి పనికిరాదు. అదే బొమ్మను ఎవరైనా వాడుకోవచ్చు కాబట్టి మీది మాత్రమే అని చెప్పుకోలేరు. డిజైనర్ చేత మొదటి నుంచి గీయించుకోవడంలో నాకు కనిపించే పెద్ద లాభం ఇదే.

పని నచ్చితే మిగతా సొమ్ము అదే రోజు ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో వేసేయండి, "రేపు చూద్దాం" అనకండి. దసరా ముందు వారం ఆ డిజైనర్ ఫోన్‌కు వచ్చే యాభై కాల్స్‌లో ముందు ఎత్తేది సరిగ్గా పైసలిచ్చినవాళ్లదే.